ఊరి మేకలు, నా ఐసు పెట్టె

నేను డాక్టర్ని కాను. పశువుల డాక్టరు కింద పనిచేసే సహాయకురాలిని. టీకాలు వేయడం, నట్టల మందు తాగించడం, ఎదకొచ్చిన ఆవుకు చూలు కట్టే సూది వేయడం, పుండు కడిగి కట్టు కట్టడం, డాక్టరుగారు వచ్చేదాకా గొడ్డును బతికించి ఉంచడం, ఇదీ నా పని. ఇరవై తొమ్మిదేళ్ళు ఉద్దానం ఇసక దారుల్లో, జీడితోటల మధ్య, మొదట సైకిలు మీద, తర్వాత స్కూటీ మీద తిరిగి రిటైరయ్యాను. పల్లెల్లో అందరూ డాట్రమ్మా అనే పిలిచేవారు. మొదట్లో "కాదండీ" అని సరిచేసేదాన్ని. తర్వాత మానేశాను.

మా సంఘంలో ఇద్దరు పిల్లలకు ఈ మధ్య గ్రామ సచివాలయాల్లో ఇదే ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "ఆంటీ, ఈ పనిలో ముందు ఏటి నేర్చుకోవాలి?" అని అడిగారు. అదే వారం పాస్టరుగారు గృహనిర్వాహకత్వం గురించి నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. అడిగినవాళ్ళు వేరు, అడిగిన సంగతులు వేరు. నాకు మాత్రం రెండింటికీ ఒకటే జవాబు తోచింది. అందుకని రెండూ కలిపి రాస్తున్నాను. రిజిస్టర్లు, ఫోన్లో ఫొటోలు ఎక్కించడాలు, బదిలీలు ఇందులో ఉండవు. అవి మీకు ఆఫీసువాళ్ళే నేర్పుతారు.

ఆ మాటకు మా ఇంట్లో అర్థం

గృహనిర్వాహకుడంటే యజమాని ఇంటిని, ఆయన ఆస్తిని ఆయన తరఫున చూసుకునేవాడు. చేతిలో ఉన్నది తనది కాదని తెలిసి, తనదానికన్నా జాగ్రత్తగా చూసేవాడు. మా చిన్నప్పుడు సంఘంలో ఆ మాట వినిపించిందంటే సంపాదనలో పదోవంతు దేవుడికిచ్చే దశమభాగం గురించేనని అనుకునేదాన్ని. మా అమ్మకు అది గుప్పెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ మా గుడికి, అంటే చర్చికి వెళ్ళేది. ఇంట్లో గంజి తాగిన రోజున కూడా ఆ గుప్పెడు తప్పేది కాదు.

మా నాన్న టెక్కలి దగ్గర ఒక రైతు ఇంట్లో కంబారి. ఏడాది జీతానికి కుదిరి ఎద్దుల్ని చూసుకునేవాడు. నా పదకొండో ఏట పోయాడు. తర్వాత నన్ను చదివించింది మా అమ్మ తమ్ముడు, ప్రకాశం మావ. ఆయన సంఘ పెద్ద. నాలుగెకరాల కొబ్బరి, రెండావులు, ఒక డాబా ఇల్లు. ఫీజు కట్టడమే కాదు, ట్రైనింగు ఇంటర్వ్యూకు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది ఆయనే. ఈ సంగతి ముందే చెప్తున్నాను. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

చూడటం నేర్పిన మనిషి

నా మొదటి డాక్టరుగారు మాట కరుకు. చేరిన రోజున ఆడపిల్లవి ఈ పని చెయ్యగలవా అని నన్ను అడగలేదు. నా చేతులు చూసి, "గోళ్ళు కత్తిరించుకుని రా" అన్నారు. అంతే.

రైతులకు మాత్రం ఆ అనుమానం ఉండేది. ఒకాయన తన ఆవును పట్టుకొచ్చి నన్ను చూసి, "డాట్రుబాబు లేడేటి? ఆడమనిషి సూదేత్తే సూడి కడతాదా?" అన్నాడు. లోపల్నుంచి డాక్టరుగారు, "ఆవుకి లేని అనుమానం నీకెందుకయ్యా?" అన్నారు. ఆ ఆవు కట్టింది. మరుసటి ఏడాది ఆయన ఆసుపత్రికొచ్చి డాక్టరుగారిని వద్దని నన్నే అడిగాడు.

ఒకసారి ఒక ఊళ్ళో ఆవు నెమరు వేయడం లేదని పిలిచారు. ఇంటాయన "నిన్నట్నుంచి మేత ముట్టలేదు" అన్నాడు. డాక్టరుగారు ఆవు మీద చెయ్యి వేయలేదు. పేడ చూశారు. కుడితి తొట్టి చూశారు. గుమ్మంలో నిలబడిన ఇంటావిడను చూసి, "అమ్మా, నువ్వు చెప్పు" అన్నారు. ఆమె మొగుడి వైపు ఓసారి చూసి, "మంగళారం నుంచి బాబూ. సోమారం పెళ్ళింట్లో మిగిలిన అన్నం తట్టతో తెచ్చి ఎట్టినారు. నాను వద్దన్నాను" అంది. అన్నం పులిసి కడుపు చెడిందన్నమాట. మందు వెంటనే మారిపోయింది. ఆవు బతికింది. వాకిట్లోకి వెళ్ళగానే గొడ్డును ముట్టుకోకండి, ముందు చూడండి. కాగితంలో పేరున్నవాణ్ణి కాదు, దానికి కుడితి పెట్టే మనిషిని అడగండి. ఇది ఆయన పెట్టిన భిక్ష.

ఆయనలో ఒక లోపం ఉండేది. మంచి మందులు వేరే బీరువాలో పెట్టేవారు. అది పెద్ద తోటలవాళ్ళ గొడ్లకే తెరుచుకునేది. కూలి మనిషి మేకను ఎత్తుకొస్తే, "దీనికిది చాల్లే" అని బల్ల మీద ఉన్నది ఇచ్చేవారు. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బీరువా అలా తెరవకూడదని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పైవాడిలో మంచినీ చెడ్డనీ విడదీసి తీసుకోవడం మీకూ అలవాటు కావాలి. అంతా మంచివాడైన ఆఫీసరు నాకు తగల్లేదు. నా కింద పనిచేసినవాళ్ళు నా గురించీ అదే చెప్తారు.

అరవై మేకలు

తప్పులు కొత్తలో జరుగుతాయనుకుంటారు. నాది పన్నెండేళ్ళ సర్వీసు తర్వాత జరిగింది, చేతికి ధీమా వచ్చాక.

మేకలకు పారుడు రోగమని ఒకటుంది. ముక్కు, కళ్ళు కారతాయి, నోరు పూస్తుంది, పారుకుని పారుకుని చచ్చిపోతాయి. దానికి టీకా ఉంది. ఆ టీకా చల్లదనంలో ఉన్నంతసేపే బతికుంటుంది. వేడి తగిలితే సీసాలో మిగిలేది నీళ్ళతో సమానం. అందుకే ఐసు పెట్టెలో తీసుకెళ్ళాలి, తీసుకున్న దగ్గర్నుంచి తిన్నగా ఊరికి వెళ్ళాలి. నాకంటే ఈ మాట ఎక్కువసార్లు చెప్పినవాళ్ళు మా ప్రాంతంలో ఉండరు.

ఆ రోజు మే నెల ఎండ. పలాసలో టీకా సీసాలు తీసుకుని, ఐసు వేసిన థర్మోకోలు పెట్టెలో పెట్టి స్కూటీ వెనక కట్టాను. వెళ్ళాల్సింది బారువకు ఇవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెకి. అదే రోజున పలాసలో మా స్త్రీల సమాజం కూడిక ఉంది. నన్ను మాట్లాడమన్నారు. విషయం అనుదిన జీవితంలో గృహనిర్వాహకత్వం. అరగంటే కదా అనుకున్నాను. స్కూటీని గోడ నీడలో పెట్టి లోపలికి వెళ్ళాను.

బాగానే మాట్లాడాను. సమయం గురించి, తలాంతులు అనే దేవుడిచ్చిన నేర్పుల గురించి, చిన్న వాటిలో నమ్మకంగా ఉండటం గురించి చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అయ్యాక భోజనాలు. వెళ్ళాలన్నాను గాని గట్టిగా అనలేదు. పెద్దావిడ ఒకామె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అందరూ మెచ్చుకుంటున్నారు. నాకూ ఉండాలనిపించింది. కోడికూర, పెరుగన్నం తిని బయటికొచ్చేసరికి, లోపలికెళ్ళి రెండున్నర గంటలైంది. నీడ జరిగిపోయింది. పెట్టె మీద తిన్నగా ఎండ పడుతోంది.

మూత తీసి చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని నాకు తెలుసు.

పల్లెకి వెళ్ళేసరికి మేకలన్నీ కట్టేసి ఉన్నాయి. గుమ్మాల దగ్గర, వలలు ఆరేసే రాటలకు, ఒడ్డుకు లాగిన పడవలకు, అరవై పైచిలుకు మేకలు. ముందు ఎదురొచ్చింది నూకమ్మ. యాభై ఏళ్ళ మనిషి. మొగుడు సముద్రం మీదకెళ్తాడు, ఆమె చేప అమ్ముతుంది, పదకొండు మేకల్ని మేపుతుంది. వేట నిలిపేసిన నెలల్లో ఆ ఇల్లు మేకల మీదే నడుస్తుంది.

"ఒచ్చీసినావా డాట్రమ్మా? పొద్దున్నుంచి మేపుకి ఒగ్గలేదు. ఆకలికి అరుత్తన్నాయి" అంది.

పెట్టె తెరిచాను. ఐసు లేదు. నీళ్ళున్నాయి. అవి తొట్టిలో నీళ్ళలా గోరువెచ్చగా ఉన్నాయి. అప్పుడు చెప్పాలి. అమ్మా, మందు పాడైపోయింది, రేపు తెస్తాను అని. ఆ మాట అనలేదు. పొద్దున్నుంచి కాసుకుని ఉన్న అంతమంది ఆడవాళ్ళ ముందు ఆలస్యం ఎందుకైందో చెప్పాలంటే సిగ్గేసింది. ఏమో, సగం మందైనా బతికుంటుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. మందు కలిపి వరసగా అన్నిటికీ వేశాను. నా చెయ్యి వణకలేదు. ఇప్పుడు తల్చుకుంటే నాకు ఎక్కువ భయం వేసేది ఆ సంగతికే.

నెలన్నర ఏమీ కాలేదు. నేను మర్చిపోయాను కూడా.

నూకమ్మ మీద పడిన నింద

తొలి వానలు పడ్డాక నూకమ్మ సంతలో ఒక మేకను కొంది. రెండోరోజే అది దగ్గడం మొదలెట్టింది. పదిరోజుల్లో రోగం ఊరంతా అంటుకుంది. నేను రోజూ వెళ్ళేదాన్ని. సూదులు వేశాను, సెలైన్లు ఎక్కించాను, నోళ్ళు కడిగాను. కొన్ని నిలబడ్డాయి. నలభైకి పైగా చచ్చిపోయాయి. పల్లె వెనక ఇసకలో గుంతలు తీసి పూడ్చారు. నూకమ్మకు ముందున్న పదకొండు మేకల్లో రెండు మిగిలాయి.

ఊరు ఆమె మీద పడింది. "సంత మేకని తెచ్చి ఊరికి సావు తెచ్చినావు" అన్నారు. పడవలొచ్చాక చేప ఏరేటప్పుడు ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. కుళాయి దగ్గర ఆమె బిందె చివరికి పోయింది. ఆమె ఎదురు చెప్పలేదు. తనే తప్పు చేశానని నమ్మింది.

నేను బయల్దేరుతుంటే స్కూటీ దగ్గరకొచ్చి, "నువ్వు సూదేసి మంచి సేసినావు డాట్రమ్మా. నానే సంతకెల్లి సెడ్డ తెచ్చినాను. ఇన్నాల్లు మా మేకలెంట తిరిగినావు, ఇది అట్టుకెల్లు" అని ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. తీసుకున్నాను. మందు వేయడం మొదటి తప్పయితే అది రెండోది.

అప్పటి డాక్టరుగారు వేరే. వయసులో నాకన్నా చిన్న, మెత్తని మనిషి. ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి, "టీకా ఒక్కోసారి పట్టదండీ. అన్నిటికీ పట్టి తీరాలని ఎక్కడా లేదు. సంత మేక వల్ల వచ్చిందని ఊరే అంటోంది కదా. ఇది మన మధ్యే ఉండనివ్వండి. మీకు పిల్లలున్నారు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నా మీద జాలితోనే అన్నారు. నేను తలూపాను. ఇంటికి తేలికగా వెళ్ళాను. ఆ తేలిక రెండు రోజులుంది.

ఎండుచేపల పొట్లం వంటింట్లో కొయ్యకు వేలాడుతూ ఉంది. వండబుద్ధి కాలేదు. పారేయడానికీ చెయ్యి రాలేదు. ఆదివారం గుడిలో కూర్చుంటే పాట నోటికి రాలేదు. దేవుడు క్షమిస్తాడని తెలుసు. కాని కుళాయి దగ్గర చివర నిలబడుతున్నది దేవుడు కాదు, నూకమ్మ. నేను అక్కడికి వెళ్ళకుండా ఇక్కడ మోకరిస్తే ఆమె బిందె ముందుకు రాదు.

ఇసక మీద

సోమవారం పొద్దున్న పది గంటలకు వెళ్ళాను. ఆడవాళ్ళు ఇసక మీద చేప ఆరబోస్తున్నారు. నూకమ్మ వాళ్ళకు దూరంగా తన వాటా తను పరుస్తోంది. కొందరు మగవాళ్ళు పడవ నీడలో వల బాగుచేసుకుంటున్నారు. అందరికీ వినబడేలా నిలబడి చెప్పాను. ఎలా చెప్పాలో దారిలో అనుకున్నదంతా పోయింది. నాలుగు ముక్కలే వచ్చాయి.

"నేను వేసిన మందు పాడైపోయింది. ఐసు కరిగిపోయింది. అది నాకు తెలుసు. తెలిసే వేశాను. మందు మంచిదై ఉంటే సంత మేక వచ్చినా ఇన్ని పోయేవి కావు."

వల దగ్గర్నుంచి ఊరి పెద్దాయన లేచాడు.

"పేర్తన సేసేవోలు గదా మీరు. మీ దేవుడు ఇదే నేర్పినాడేటి?"

"లేదు బాబూ. నేర్పింది నాను సెయ్యలేదు."

ఇంకొకాయన తిట్టాడు. ఆ తిట్లు రాయను. న్యాయమైనవే. నూకమ్మ చేప తిప్పుతూనే ఉంది. తల ఎత్తకుండా అడిగింది.

"ఎండలో ఎంతసేపున్నాది?"

"రెండున్నర గంటలు."

"ఏటి సేత్తన్నావు అంతసేపు?"

"కూడికలో మాట్లాడి భోజనానికి కూర్చున్నాను."

ఆమె ఒక చేపను తిప్పి వేసింది. "ఆ రోజు సెప్పుంటే మల్లీ వచ్చుందువు గదా?"

"వచ్చుందును."

"మావు మల్లీ కట్టుందుము. మేకల్ని కట్టనాకి మాకేటి కట్టం?"

ఆమె లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన ఇసక దులుపుకుని, అవతల ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఇన్నారు గదా" అంది. అంతే అంది. మళ్ళీ కూర్చుని పని చేసుకుంది. వాళ్ళలో ఒకామె తన తట్ట పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చోవడం నేను స్కూటీ తీస్తుండగా చూశాను.

మా ఇంట్లో రెండు ఆడమేకలుండేవి. మరుసటి వారం ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాను. నూకమ్మ వాటి పళ్ళు చూసింది, పొదుగు చూసింది, తాడు మళ్ళీ నా చేతికిచ్చింది. "నాకు రెండిత్తావు. మిగతా ఇళ్ళకో? తీసుకెల్లిపో" అంది. తప్పు చేసినవాడికి దాన్ని తొందరగా తీర్చేసి బయటపడాలని ఉంటుంది. ఆమె నన్ను అలా బయటపడనివ్వలేదు. మంచిపనే చేసింది.

డాక్టరుగారికి కోపం వచ్చింది. "నన్నడగకుండా చెప్పేశారు" అన్నారు. ఆఫీసు నుంచి రావాల్సిన కాగితం వచ్చింది, పడాల్సిన శిక్ష పడింది. దాని గురించి చెప్పుకోవాల్సింది లేదు.

ఐసు గురించి తెలిసినవాళ్ళు

మరుసటి ఏడాది టీకా రోజున ఏడు గంటలకే ఆ పల్లెకి వెళ్ళాను. ఒక్క మేకను కూడా కట్టలేదు. పిల్లలు చూసి లోపలికి పోయారు. తుపాను షెల్టరు మెట్ల మీద పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. గంట తర్వాత నూకమ్మ వచ్చింది. మూత తీసి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది.

"ఇది ఐసు కాదు. ఐసు నీల్లు. ఇంకో రెండు గంటలు కాత్తాది, అంతే. ఎవులు నేర్పినారు నీకిలగ ఎట్టడం?"

"ఆఫీసులో ముక్కలు చేసి ఇస్తారు."

"ముక్కలు సేపకి. సుట్టూ అంటుకోవాలి గనక. మందుకి గెడ్డలెట్టు. గెడ్డ నిదానంగా కరుగుద్ది. మద్దిన కాళీ ఒగ్గకు, గాలుంటే ఐసు తినేత్తాది. గోనె తడిపి కప్పు. బండి మీద ఎట్టి ఎల్లిపోకు, నీడ నిన్ను అడిగి జరగదు."

ఆఖరి మాట అన్నప్పుడు నా మొహం చూడలేదు.

"నలభై ఏళ్ళుగా ఎండలో సేప మోత్తన్నాను డాట్రమ్మా. నీకు సదువున్నాది గానీ ఐసు తెలీదు."

నిజమే. ట్రైనింగులో ఐసు పెట్టె గురించి ఒక పాఠం చెప్పారు. ఆ తీరం పొడుగునా ఉన్న ఆడవాళ్ళకు పుట్టుకతో తెలిసిన విద్యను నేను పన్నెండేళ్ళు వాళ్ళ మధ్యే తిరుగుతూ ఒక్కసారి అడగలేదు. నేను ఇచ్చేదాన్ని, వాళ్ళు తీసుకునేవాళ్ళు అనుకున్నాను. గృహనిర్వాహకుడికి వచ్చే జబ్బుల్లో ఇది పెద్దది. తాళం చేతిలో ఉంది గనక ఇల్లంతా తనకే తెలుసనుకుంటాడు.

ఆ రోజు ఆమె మేకలు, ఇంకో నాలుగిళ్ళ మేకలు. అంతే. మూడో ఏటికి సగం ఊరు. అందరూ రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఒకాయన మాత్రం నేను రిటైరయ్యేదాకా తన మేకను నా చేత ముట్టించలేదు. ఆయన మీద నాకు కోపం లేదు.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ఊరికెళ్ళినా సూది తీసేముందు పెట్టె మూత తీసి, ఆ ఊరి మనిషి ఎవరో ఒకరిని చెయ్యి పెట్టి చూడమనేదాన్ని. వేళ్ళు జివ్వుమంటేనే మొదలు. తోటి ఉద్యోగులు నవ్వారు. "వాళ్ళకేం తెలుసు మేడమ్?" అన్నారు. ఒకసారి దారిలో పంక్చరై ఆలస్యమైతే నూకమ్మే చెయ్యి పెట్టి చూసి, "సల్లదనం నేదు, ఈ రోజు ఎల్లిపో" అంది. వెనక్కి వెళ్ళాను. పిల్లలూ, ఇది మీకు నిబంధనల్లో కనబడదు. అయినా చెయ్యండి. మిమ్మల్ని తనిఖీ చేసే హక్కు పైవాళ్ళకే కాదు, ఆ గొడ్డు ఎవరిదో వాళ్ళకు కూడా ఇవ్వండి.

మావ అడిగిన నాలుగు బస్తాలు

నా సర్వీసు చివర్లో, పెద్ద తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. గడ్డివాములు ఎగిరిపోయాయి, మిగిలినవి నానిపోయాయి. గొడ్లు పడిన జీడాకులు నమిలి నిలబడ్డాయి. నాలుగో రోజున దాణా బస్తాలతో లారీ వచ్చింది. మూడు ఊళ్ళకు పంచే పని నాది. ఉన్న గొడ్లకు సగానికి కూడా చాలవు. ఒక వరస పెట్టుకున్నాను. అసలు మేత లేనివి ముందు, వాటిలో పాలిచ్చేవి, సూడివి ముందు.

ఆ మూడిట్లో ఒకటి మా సంఘం వాళ్ళున్న ఊరు. ప్రకాశం మావ లారీ దగ్గరకొచ్చాడు. ఆయన కొబ్బరి అంతా పోయింది. కాని డాబా మీద టార్పాలిన్ కింద గడ్డి పొడిగా ఉంది. పొద్దున్నే నేను చూశాను.

"ఎస్తేరూ, మనింటికి నాలుగు బస్తాలెట్టీయే."

"మావా, నీ గడ్డి బాగానే ఉన్నాది గదా. మిగిలితే ఇత్తాను. వాములు పోయినోలకి ముందు."

"ఆల్లు మన సంఘపోలా?"

"లారీ మీద మనోలని రాసి పంపలేదు మావా. గొడ్లని రాసి పంపినారు."

ఆయన చుట్టూ చూశాడు. సంఘం వాళ్ళు, ఊరివాళ్ళు అందరూ వింటున్నారు. గొంతు తగ్గించాడు.

"గుంటా, నిన్ను సదివించినాను. నాలుగు బస్తాలకి నా మొకం నిలబెట్టలేవా? రేపు సంఘంలో ఏ మొకంతో కూకుంటావు?"

ఆ రోజు నా చేతులు వణికాయి. ఒక్క బస్తా పెట్టేస్తే పోయేదేముందని అనిపించింది. కాని లారీ పక్కన ఒక ముసలాయన ఈనిన గేదెను తాడుతో పట్టుకుని నిలబడ్డాడు. దాని డొక్కలు లోపలికి పోయాయి. "లేదు మావా" అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. చివరికి బస్తాలు మిగల్లేదు.

ఆ తర్వాత మావ నాతో మాట్లాడలేదు. గుడిలో ఎప్పుడూ కూర్చునే వరసలోనే కూర్చునేవాడు, నేను చెయ్యి కలపడానికి వెళ్తే పక్కవాళ్ళతో మాటల్లో పడేవాడు. మా అమ్మాయి పెళ్ళికొచ్చాడు, అక్షింతలు వేశాడు, భోంచేశాడు, వెళ్ళిపోయాడు. రెండుసార్లు ఇంటికెళ్ళి కూర్చున్నాను. అత్త టీ ఇచ్చింది. ఆయన పేపరు చదువుకున్నాడు. సరైన పని చేస్తే అందరూ చివరికి అర్థం చేసుకుంటారని కూడికల్లో చెప్తుంటారు. నేను చెప్పను. కొందరు చేసుకోరు. ఆ ఖర్చు కూడా ఈ పనిలో భాగమని తెలిసి చేరండి. మూడేళ్ళకు మావ గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర మట్టి వేశాను. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి గాని వినే మనిషి లేడు.

అప్పటికి నేను రిటైరై నాలుగు నెలలు. మావ పోయిన నెలకి ఒక పొద్దున్న అత్త ఫోను చేసింది. ఆవు ఈనింది, దూడ వెనక పడాల్సిన మాయ పడలేదు, రమ్మంది.

"అత్తా, నాను రిటైరైపోయాను. సచివాలయంలో కొత్తబ్బాయున్నాడు, ఫోను సేత్తాను."

"నువ్వే రావే" అంది.

ఆ అబ్బాయిని కూడా రమ్మని చెప్పి వెళ్ళాను. అతను మందులు తెచ్చాడు, ఎలా చూడాలో చూపించాను, పని అతని చేతే చేయించాను. గంట పట్టింది. దూడ లేచి పొదుగు వెతుక్కుంది. అబ్బాయి వెళ్ళాక నూతి దగ్గర చేతులు కడుక్కుంటుంటే అత్త చెంబుతో నీళ్ళు పోసింది.

"మీ మావ సెప్పి పోనాడే. నాను పోయాక గొడ్డుకి ఏటైనా అయితే ఎస్తేరునే పిలు, దానికి మొగమాటం నేదు అన్నాడు."

సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయాను.

"తిట్టాడా అత్తా, మెచ్చుకున్నాడా?"

అత్త చెంబు మళ్ళీ నింపింది.

"నాకూ తెలీదమ్మా" అంది. "సెయ్యి సాపు, నీల్లు పోత్తాను."